వంతెన దాటేలోగా

వంతెన మొదట్లోనే బండ్లు ఆగిపోయాయి. మంచిదే అయింది అనుకుంది సైమి, ఎంత ఆలస్యమైతే అంత మంచిది, ఎందుకంటే అవతలి గట్టున సరిహద్దు తనిఖీ బూత్ దగ్గరికి చేరేలోగా ఆమె రెండు పనులు చేసి తీరాలి. ఒకటి, భర్త ఆర్వో చేతుల్లోంచి స్టీరింగు తీసుకోవాలి. రెండోది, ఈసారి దక్షిణాన ఫ్లోరిడాకి వెళ్తున్నది ఏప్రిల్ దాకా ఉండటానికి కాదని, మూడంటే మూడు వారాలకని, అక్కడి ఇల్లు ఖాళీ చేసి తిరిగి రావడమేనని, ఇక మళ్లీ వెళ్లేది లేదని అతనికి చెప్పాలి. ఇవాళ పొద్దున గ్యారేజీలో డిక్కీ మూత వేసేలోపల తీసుకున్న నిర్ణయం ఇది. నిర్ణయాలు తీసుకోవడం ఆమెకు ఎప్పుడూ కష్టం కాలేదు. ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి, జోరుగా మంచు కురుస్తుంటే, వెనక నలభై మంది పిల్లలు జుట్లు పట్టుకుంటుంటే, ముందుకు పోవాలా ఆగాలా అన్నది రెప్పపాటులో తేల్చేసిన మనిషి. అలాంటిది పక్కనున్న ఈ ఒక్క మనిషికి ఒక్క మాట చెప్పడానికి ఇంటి దగ్గర్నుంచి నీళ్లు నములుతూనే ఉంది. పన్నెండు నిమిషాల దారి, మూడు ఎర్ర లైట్లు. మూడు చోట్లా నోరు తెరిచింది, మూడు చోట్లా "హీటర్ తగ్గించనా?" అని అడిగింది. మూడోసారి ఆర్వో ఆమె వైపు తిరిగి, "అసలు హీటర్ వేసిందెవరు?" అన్నాడు. నిజమే, ఎవరూ వెయ్యలేదు.

నవంబరు మొదటి సోమవారం, ఇంతమంది ఉంటారని తెలిసిందే. ముందున్న బండ్లలో సగం తమలాంటి వాళ్లవే. మంచు పడకముందే ఎగిరిపోయి కరిగాక వాలేవాళ్లు కాబట్టి ఊళ్లో వీళ్లని మంచుపిట్టలంటారు. వెనక అద్దం కనిపించకుండా కుక్కిన దిండ్లు, పైన తాళ్లతో బిగించిన సైకిళ్లు, కిటికీలోంచి తల బయట పెట్టిన ముసలి కుక్క, ఎవరి సామాను చూసినా ఎన్నేళ్లుగా వెళ్తున్నారో చెప్పొచ్చు, కొత్తగా వెళ్లేవాళ్లే ఎక్కువ సర్దుకుంటారు. తమకు రెండు పెట్టెలు, ఒక ఫ్లాస్కు, బట్టలో చుట్టిన యాలకుల రొట్టె. పద్దెనిమిది శీతాకాలాల్లో సామాను అంతకు తగ్గింది. కింద నదిలో ఇనుప ఖనిజం ఓడ ఒకటి లాకు గేట్ల మధ్య ఇరుక్కుని, నీళ్లు దిగేదాకా ఎదురుచూస్తోంది. అటు పక్క ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాలు. అక్కడే ముప్ఫై నాలుగేళ్లు క్రేను నడిపాడు ఆర్వో, మరుగుతున్న ఉక్కు తొట్టిని ఎనభై మంది తలల మీదుగా చుక్క తొణక్కుండా దాటించినవాడు. ఆ చేతులే ఇప్పుడు స్టీరింగు మీద ఉన్నాయి, బండి ఆగి ఉన్నా సడలకుండా. మొన్న గురువారం ఆ చేతులే ఆకుపచ్చ లైటు దగ్గర బండిని ఆపాయి, అది ఎర్రబడేదాకా ఓపిగ్గా చూశాయి, ఎర్రబడ్డాక కదిలాయి. అడ్డంగా వస్తున్న లారీవాడు కిటికీలోంచి తిట్టిన తిట్టు సైమికి ఇంకా వినిపిస్తోంది. ఆర్వో మాత్రం ఈ మధ్య డ్రైవర్లకి బొత్తిగా మర్యాద లేకుండా పోయిందన్నాడు.

ఇప్పుడు చెప్పాలి, ఆ తెల్ల వ్యాను కదిలేలోపల చెప్పాలి అనుకుంది, వ్యాను కదిలింది, ఆర్వో బండిని ముందుకు పోనిచ్చాడు, మెత్తగా, ఎంత దూరం వదలాలో అంత దూరం వదిలి. చూశావా, ఎంత బాగా నడుపుతున్నాడో అంది ఆమె లోపల ఎవరో. ఆ గొంతు సైమికి బాగా తెలుసు, ఏప్రిల్ నుంచీ అదే గొంతు, పిరికి గొంతు, చూశావా ఎంత బాగా తిన్నాడో, చూశావా పేరు గుర్తుపెట్టుకున్నాడో లేదో. దాన్ని నోరు మూసుకోమంది. నోరు మూయించాల్సింది ఇవాళ కాదు, మే నెలలోనే. కానీ అప్పటికి హెల్వి మాట అడ్డం పడింది. హెల్వి అంటే ఫ్లోరిడాలోని లేక్ వర్త్‌లో పక్కింటావిడ, ఎనభై నాలుగేళ్లు, ఫిన్లాండు నుంచి వచ్చిన వాళ్లందరికీ పెద్ద దిక్కు. "మొదటి వారం లెక్కలోకి రాదు" అంటుంది హెల్వి. రెండేసి ఇళ్లున్నవాళ్లందరికీ అదొక ధైర్యం. ఒక ఇంట్లో చెంచాల సొరుగు పొయ్యికి కుడివైపు, ఇంకో ఇంట్లో ఎడమవైపు. ఒక చోట స్నానాల గది దీపం స్విచ్చు లోపల, ఇంకో చోట బయట. దిగిన కొత్తలో చెయ్యి పాత ఇంటి దారే పడుతుంది, అందరికీ అంతే. గురువారం సాయంత్రాలు డాన్సు హాల్లో కాఫీల దగ్గర అదే కాలక్షేపం, ఎవరు ఏ గోడకి నుదురు కొట్టుకున్నారు, ఎవరు ఏ తలుపనుకుని ఏ తలుపు తీశారు. అందులో ఆర్వోని మించినవాడు లేడు. ఒక ఏడాది తాను తువ్వాలు భుజాన వేసుకుని బట్టల అలమరాలోకి వెళ్లి, కోటు గుండీ పట్టుకుని నీళ్ల కోసం ఎంతసేపు తిప్పాడో అతను చెబుతుంటే, హెల్వి నవ్వి నవ్వి పళ్లసెట్టు చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది.

అందుకే ఏప్రిల్లో ఉత్తరాన సొంత ఇంటికి చేరిన రోజు అతను చెంచాల కోసం ఎడమ సొరుగు లాగితే సైమి కూడా నవ్వింది. మే వచ్చింది, ఎడమ సొరుగే. జూన్ వచ్చింది, బంగాళాదుంపలు నాటారు, ఎడమ సొరుగే. జులైలో ఒకరోజు పొద్దున్నే చెప్పులు వేసుకుని వచ్చి, ఇవాళ సముద్రానికి వెళ్లొద్దా అని అడిగాడు, సరస్సు అనబోయి సముద్రం అన్నాడులే, ఆ సరస్సు కూడా అవతలి ఒడ్డు కనిపించనిదే కదా అని తనకు తాను చెప్పుకుంది. ఎన్ని చెప్పుకుంది! ఆమె మనసే బాగా చదువుకున్న వకీలులా వాదించిపెట్టింది. ఇక ఆగస్టులో ఆ శనివారం. పెరట్లో ఆవిరి గది, అతను సొంత చేతులతో దుంగ మీద దుంగ పేర్చి కట్టుకున్నది. ఆవిరి గది తలుపు ఎప్పుడూ బయటికే తెరుచుకోవాలి, లోపల కళ్లు తిరిగినా ఒంటి బరువుతో తోస్తే చాలు తెరుచుకోవాలి, ఆ సంగతి వీధిలో అందరికీ చెప్పి, ఇద్దరు ముగ్గురి తలుపులు ఊడదీయించి మళ్లీ పెట్టించినవాడు ఆర్వో. ఆ రోజు ఎంతసేపటికీ రాకపోతే ఆమె వెళ్లి తలుపు అద్దంలోంచి చూసింది. లోపల అతను తలుపు పిడి పట్టుకుని తనవైపు లాగుతున్నాడు, ఒళ్లంతా ఎర్రబడి, ఊపిరి అందక, లాగుతూనే ఉన్నాడు. బయటి నుంచి ఆమె ఇలా తీసింది. గడ్డి మీద కూలబడి నీళ్లు తాగాక నవ్వి, "మొదటి వారం కదా" అన్నాడు. ఆగస్టు పదిహేడో తారీఖు. ఆమె కూడా నవ్వింది, నవ్వినందుకు ఇప్పటికీ తన మీద తనకు కోపంగా ఉంది.

అప్పుడైనా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సింది. కానీ వీళ్లలో ఆగస్టు వచ్చాక జబ్బు పడటం నిషిద్ధం. అప్పటి నుంచి కొత్త మందు ఏది రాసినా, ఉన్న మందు మోతాదు మార్చినా, అవతలి దేశంలో వైద్యం బీమా చెల్లదు, అందుకని ఆగస్టు నుంచి ఎవరి మోకాలూ నొప్పెట్టదు, ఎవరి గుండే దడదడలాడదు, అన్నీ ఏప్రిల్ దాకా ఓర్చుకుంటాయి. వసంతంలో వీళ్లంతా తిరిగొచ్చాక ఆసుపత్రి వరండా నిండిపోతుంది. ఇంత పెద్దవాళ్లు ఇంత చిన్నపిల్లల పని చేస్తారని సైమి చాలాసార్లు ఎగతాళి చేసింది, తన వంతు వచ్చేసరికి తానూ చేసింది. బీమా కాగితం మీద కొత్త జబ్బు ఉందా లేదా అన్న చోట లేదు అని టిక్కు పెట్టింది. టొరంటోలో ఉన్న కూతురు మార్యా ఆదివారం ఫోనులో నాన్న ఎలా ఉన్నాడంటే, మీ నాన్నకేం, రాయిలా ఉన్నాడంది. ఆర్వో ఫోను తీసుకుని ఎప్పటిలాగే గాలి ఎటు వీస్తోందో చెప్పి ఇచ్చేశాడు. ముప్ఫై ఏళ్లుగా కూతురితో గాలి సంగతి తప్ప మాట్లాడని మనిషి కాబట్టి, ఆ పిల్లకు అనుమానం రావడానికి కూడా వీల్లేకపోయింది. ఎవరికీ చెప్పలేదు, అందరి దగ్గరా దాచింది, దాచడం ఎందుకో ఇవాళ పొద్దునదాకా ఆమెకు సరిగ్గా తెలియలేదు. అక్కడి శీతాకాలం ఇంకొక్కటి ఆమెకు కావాలి, అంతే. ఉప్పు నీళ్లలో కాళ్లు, హెల్వి కాఫీ, గురువారాల డాన్సు, ఆర్వో నడుం మీద తన చెయ్యి. డాన్సులో అతను ఒక్క అడుగూ తప్పడు, ఒక్కటి కూడా.

వ్యాను మళ్లీ కదిలింది, వీళ్లూ కదిలారు, వంతెన ఏటవాలు మొదలైంది. గాలికి బండి కొద్దిగా ఊగుతోంది. ఆమె గొంతు సవరించుకుంది. అతను ఏమిటన్నట్టు చూశాడు. కాఫీ కావాలా అని అడిగింది.

కప్పు నింపుతుంటే మళ్లీ ఆ ఇంకో కప్పు కళ్ల ముందుకొచ్చింది. ఇల్లు మూసే రోజు ఆర్వో చేసే పనుల వరస ఎప్పుడూ మారదు. నీళ్ల గొట్టాలు ఖాళీ చేయడం, తూముల్లో గడ్డకట్టని మందు పోయడం, ఇల్లు వెచ్చబెట్టే హీటరు వేడి తగ్గించడం, ఆఖరున ఫ్రీజర్. ముందు రోజే కప్పులో నీళ్లు పోసి గడ్డకట్టిస్తాడు, బయల్దేరే పొద్దున ఆ గడ్డ మీద రాగి నాణెం ఒకటి పెడతాడు. తిరిగొచ్చేసరికి నాణెం పైనే ఉంటే కరెంటు పోలేదని అర్థం, నాణెం లోపలికి దిగి ఉంటే మధ్యలో ఎప్పుడో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం, చేపలూ మాంసమూ అన్నీ పారేయాలి. ఈ కిటుకు వీధి మొత్తానికి అతనే నేర్పాడు. ఇవాళ పొద్దున మిగిలిన బ్లూబెర్రీల సంచి పెట్టడానికి సైమి ఫ్రీజర్ తెరిచింది. నాణెం కప్పు అడుగున ఉంది. ముందు కరెంటు పోయిందనుకుని చేపలు తడిమి చూసింది, రాళ్లలా ఉన్నాయి, దీపం వెలుగుతోంది. అప్పుడు తెలిసింది. అతను నిన్న నీళ్లలోనే నాణెం వేసి గడ్డకట్టించాడు. ఆ కప్పు ఏప్రిల్లో ఏం చెబుతుందో ఊహించుకుంది, ఏమీ పాడవకపోయినా అన్నీ పాడైపోయాయని చెబుతుంది, వీళ్లు నమ్మి ఇంట్లో ఉన్నదంతా చెత్తలో పోస్తారు. చల్లటి పొగ ముఖానికి కొడుతుంటే ఎంతసేపు నిలబడిందో తెలియదు. ఇక వకీలు నోరు పెగల్లేదు. ఇంకో నాణెం వెతికి తెచ్చి పైన పెట్టింది, గ్యారేజీలోకి వెళ్లి డాక్టరు ఆఫీసుకు ఫోను చేసి, ఇరవై ఆరో తారీఖు ఖాయం చేసుకుంది. పట్టుమని నాలుగు నిమిషాలు పట్టలేదు. ఏడు నెలలుగా చెయ్యని పని నాలుగు నిమిషాల పని.

రెండు ఇళ్లు మోసే బుర్ర కాదు అతనిది ఇప్పుడు. ఒక్క ఇల్లు కావాలి, ఒకటే సొరుగు, ఒకటే స్విచ్చు, ఏ గోడకు ఆ గోడే, ఏ తలుపుకు ఆ తలుపే. అప్పుడైనా ఆ మొదటి వారం అయిపోతుందేమో, రెండో వారం మొదలవుతుందేమో. ఏ ఇల్లు అన్నదానికి ఆలోచించేదేమీ లేదు, డాక్టరు ఉన్న చోటే, కూతురు రాగలిగిన చోటే. అయితే అటు వెళ్లకుండానే మానెయ్యొచ్చు, ఏదో సాకు చెప్పి వెనక్కి తిప్పొచ్చు, రేపటికి అతను మర్చిపోనూ వచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకే సైమి చెంపలు వేడెక్కాయి. మర్చిపోతాడు కదా అని మోసం చేయడం తన చేతకాదు. పద్దెనిమిది శీతాకాలాలు ఉన్న ఇంటికి అతను తన చేత్తో తాళం వేసుకోవాలి, హెల్వి చేతిలో తాళంచెవి పెట్టాలి, ఏం చేస్తున్నాడో తెలిసి చేయాలి. తెలియగలిగినన్నాళ్లలోనే చేయాలి. ఆ రోజులు ఎన్ని ఉన్నాయో ఎవరు చెప్పగలరు, అందుకే మూడు వారాలు, అందుకే ఇవాళ.

వంతెన నడిబొడ్డుకు చేరారు. ఎడమవైపు రెండు దేశాల జెండాలు పక్కపక్కనే గాలికి కొట్టుకుంటున్నాయి. ముందు బండ్లన్నీ ఇంజన్లు ఆపేశాయి, ఆర్వో కూడా ఆపాడు. జెండాల వైపు చూశాడు, ఇటు చూశాడు, అటు చూశాడు, చాలాసేపు. తర్వాత మామూలు గొంతుతో, టైమెంతైందని అడిగినట్టు అడిగాడు.

"మనం వెళ్తున్నామా, వస్తున్నామా?"

"వెళ్తున్నాం," అంది సైమి.

"అదే అనుకున్నాను," అన్నాడు.

ఆమె బెల్టు ఊడదీసి తలుపు తీసింది. గాలి తలుపును లాక్కోబోయింది, మోకాలితో ఆపి దిగింది, వంతెన మీద దిగకూడదని ఎక్కడో పెద్ద అక్షరాలతో బోర్డు ఉంటుంది, ఉండనీ. బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ బండి ముందు నుంచి చుట్టూ నడిచింది. ముందు వ్యానులో ఎవరో అద్దంలో చూస్తున్నారు, చూడనీ. డెబ్భై ఆరేళ్ల ముసలిది, తలకు రుమాలు, గాలికి కళ్లల్లో నీళ్లు, గాలికే. దారంతా వాదనలు వరసగా సర్దుకుంది, అతను ఏమంటే తానేమనాలో, నా చేతులకేమైందంటే ఏమనాలో, నువ్వు బస్సు నడిపావు కానీ ఇది బస్సు కాదంటే ఏమనాలో, ఒంటికాలి మీద లేస్తే ఏం చేయాలో. అతని వైపు తలుపు తీసింది.

"దిగు. ఇక్కణ్నుంచి నేను నడుపుతాను."

ఆర్వో ఆమెను చూశాడు. ఎందుకని అడగలేదు. బెల్టు తీసి, స్టీరింగును ఒకసారి అరచేత్తో తడిమి, దిగాడు. గాలికి టోపీ ఎగరకుండా పట్టుకుని, ఆమె వచ్చిన దారినే, బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ అటు వెళ్లి కూర్చున్నాడు. అంతే. సైమికి ఒళ్లు మండిపోయింది. ఇంతేనా? ఇంత సులువా? పోట్లాడు, ఏదో ఒకటి అను, ముప్ఫై నాలుగేళ్లు క్రేను నడిపినవాణ్ణి అని గర్జించు, నిన్న కూరలో ఉప్పు తక్కువైతే చేసిన రగడలో సగమైనా చెయ్యి. సీటు ముందుకు లాక్కుంది, అద్దం కిందికి తిప్పుకుంది, అలవాటుగా వెనక సీట్లో పిల్లలున్నారేమోనని చూసింది. ఖాళీ సీటు. ఇంజను వేసింది, అంతా ఆమె చేతికిందికి వచ్చింది, ఇరవై ఆరేళ్లు ఎక్కడికీ పోలేదు. మిగిలింది రెండో పని. వంతెన దిగుడు మొదలైంది, బండ్లు కాస్త త్వరగా కదులుతున్నాయి, ఇప్పుడు చెప్పాలి, ఈ ఆకుపచ్చ కారు బూత్‌లోకి వెళ్లేలోపల చెప్పాలి. ఆర్వో ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ ఓడ వైపు చూస్తున్నాడు. వాటిని చూస్తే ఆమెకు నోరు రాలేదు. ఆకుపచ్చ కారు వెళ్లిపోయింది.

బూత్‌లో ఉన్నది మార్యా వయసు ఆడమనిషి. పాస్‌పోర్టులు తీసుకుంది. ఎక్కడుంటారని అడిగింది, వంతెన అవతలే అని చెప్పింది సైమి. ఎక్కడికంటే ఫ్లోరిడా, లేక్ వర్త్ అంది. పళ్లు, మాంసం ఏమైనా ఉన్నాయా అంటే రొట్టె చూపించింది. జవాబులన్నీ పద్దెనిమిదేళ్లు పక్క సీట్లోంచి విన్నవే, చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి.

"ఎన్నాళ్లు ఉంటారమ్మా?"

ఆమె నోరు తెరిచేలోగా ఆర్వో అటునుంచి వంగి, గట్టిగా, పొరపాటు లేకుండా చెప్పాడు. "ఏప్రిల్ దాకా. మేం ఎప్పుడూ ఏప్రిల్ దాకానే."

"కాదు," అంది సైమి. "మూడు వారాలు."

అధికారి ఇద్దరినీ చూసింది. వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. ఏది రాసుకోమంటారని అడిగింది.

"మూడు వారాలే. ఇల్లు ఖాళీ చేసి వచ్చేస్తాం. ఈయనకి మతిమరుపు జబ్బు వస్తోంది. ఇరవై ఆరున డాక్టరుకి చూపించాలి." స్టీరింగు వైపు చూస్తూ చెప్పింది. కూతురికి చెప్పని మాట, హెల్వికి చెప్పని మాట, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనని మాట, ముక్కూ ముఖం తెలియని మనిషికి కిటికీలోంచి చెప్పింది. చెప్పినా బండి అక్కడే ఉంది, ఇంజను తిరుగుతూనే ఉంది.

అధికారి కొంచెం కిందికి వంగి ఆర్వోని చూసింది. "అవునా సార్?"

ఇప్పుడు అతను కాదంటే చాలు. ఈవిడకే ఏదో అయింది అంటే చాలు, పక్కకు తీయమంటారు, దింపుతారు, అడుగుతారు, అన్నీ ఇక్కడే ఆగిపోతాయి. ఆర్వో టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఆవిడే కదా నడుపుతోంది," అన్నాడు. "ఆవిడ చెప్పిందే రాసుకోండి."

పాస్‌పోర్టులు చేతికొచ్చాయి. అడ్డుకర్ర లేచింది. పెట్రోలు బంకు దాటారు, పెద్ద రోడ్డు ఎక్కే మలుపు దాటారు. రోడ్డుకు అటూ ఇటూ ఆకులు రాలిపోయిన చెట్లు, మధ్యలో పైన్ చెట్లు, ఇవతల కూడా అవే చెట్లు.

"ఎండాకాలం నుంచీ భయంభయంగానే నడుపుతున్నాను సైమీ," అన్నాడు ఆర్వో, కిటికీలోంచి చూస్తూ. "రోజూ చూశాను, ఇవాళైనా తాళంచెవులు అడుగుతావేమోనని."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు అడగలేదు?"

ఇద్దరూ ఒకే వంటింట్లో ఏడు నెలలు ఒకరి నుంచి ఒకరు ఒకే సంగతి దాచారు, ఎదురెదురుగా కూర్చుని కాఫీలు తాగుతూ. వేగం చూపే ముల్లు సరైన చోట నిలిచింది. వెనక వస్తున్న వ్యానుకు దారి ఇచ్చింది. ఆర్వో చెయ్యి వచ్చి ఆమె చేతి మీద పడలేదు, అతనలాంటివాడు కాదు. రొట్టె మూట విప్పాడు, ఒక ముక్క తుంచి ఆమె నోటి దగ్గర పెట్టాడు, తనూ తిన్నాడు, చొక్కా మీద పడ్డ పొడి దులుపుకున్నాడు.

"మూడు వారాలు ఏం చాలుతాయి," అన్నాడు. "నాలుగు చెయ్యి."

"మూడే," అంది సైమి, కళ్లు తుడుచుకోవాల్సి ఉన్నా రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి.